పొదిలి బేలు, ఐరోపా సుంకం

మార్కాపురం

చి. మాధవికి,

కామన్ మార్కెట్ పాఠానికీ మన పడమటి ప్రకాశానికీ పొంతనేమిటని అడిగావు. దాన్ని పలకల గనుల్లో కాదు, పొదిలి పొగాకు వేలం కేంద్రంలో వెతుకు తల్లీ.

ముందు ఒక తేడా గట్టిగా పట్టుకో. 1957లో రోమ్‌లో ఐరోపాలోని ఆరు దేశాలు కామన్ మార్కెట్ పేరుతో కట్టుకున్నది కస్టమ్స్ యూనియన్. లోపల సుంకం ఉండదు, బయటి సరుకు మీద మాత్రం అందరిదీ ఒకే సుంకం. 1960లో బ్రిటన్ మరో ఆరు దేశాలతో పెట్టుకున్న ఎఫ్టా (ఐరోపా స్వేచ్ఛా వాణిజ్య సంఘం) అలాంటిది కాదు. అందులో బయటివాళ్ల మీద ఎవరి సుంకం వారిదే. పరీక్షల కోసం చదివేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తారు. మన రైతుకు నష్టం వచ్చింది సరిగ్గా ఈ తేడా దగ్గరే.

అప్పట్లో మన వర్జీనియా రకం పొగాకుకు పెద్ద బేరం బ్రిటనే. సామ్రాజ్యంలోని దేశాల పొగాకుకు అక్కడ 1919 నుంచి సుంకంలో రాయితీ ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా కామన్వెల్త్ పేరుతో అది నిలిచింది. అమెరికా ఆకు ముందు మన ఆకు ధరలో నెగ్గుకొచ్చిందంటే ఆ రాయితీ వల్లే. ఎఫ్టాలో చేరినా బ్రిటన్ దాన్ని వదులుకోవలసిన పని లేకపోయింది. పైగా పొగాకులో మనకు పోటీ అయిన రొడీషియా (నేటి జింబాబ్వే) 1965 తర్వాత ఆంక్షల పాలవడంతో మన ఆకుకు గిరాకీ పెరిగింది.

1973 జనవరి 1న బ్రిటన్ కామన్ మార్కెట్‌లో చేరింది. దాని సుంకాలు 1977 నాటికి మెట్లు మెట్లుగా ఉమ్మడి సుంకంలో కలిసిపోయాయి. మనం బయటివాళ్లమయ్యాం. గ్రీసు 1961 నాటి అనుబంధ ఒప్పందంతో అప్పటికే ఆ కూటమికి దగ్గరైంది. అయితే అక్కడ పండేది ఎక్కువగా ఓరియంటల్ రకం, మన వర్జీనియాకు నేరుగా పోటీ కాదు.

ఢిల్లీ ఊరుకోలేదు. 1973 డిసెంబరులో కూటమితో వాణిజ్య సహకార ఒప్పందం కుదిరింది. జీఎస్పీ (వర్ధమాన దేశాల సరుకుకు సుంకం తగ్గించే పద్ధతి) కింద వర్జీనియాకు తగ్గింపు సుంకం కూడా దక్కింది, అదీ కోటా మేరకే. పోయినదానికి అది సాటి అని నేను ఒప్పుకోను. జీఎస్పీ ఇచ్చేవాడి ఇష్టం. ఎప్పుడైనా తగ్గించవచ్చు, తీసేయవచ్చు. రూపాయల్లోనే చెల్లింపులు జరిగే వాణిజ్యంలో సోవియట్ యూనియన్ పెద్ద కొనుగోలుదారుగా నిలవడం మనకు ఆసరా అయింది. గుంటూరులో టొబాకో బోర్డు 1976లో వచ్చింది, ఆంధ్రలో ఆ బోర్డు పొగాకు వేలాలు 1985లో మొదలయ్యాయి.

సెలవుల్లో పొదిలి వెళ్తే ధర ఒక్కటే రాసుకోకు. గ్రేడు, కొన్న కంపెనీ, ఆకు చేరే దేశం, అక్కడ మన మీద పడే సుంకం పక్కపక్కనే రాయి. బ్రెజిల్, జింబాబ్వేల మీద ఆ దేశం వేసే సుంకం కూడా చేర్చి నాకు పంపు.

తాతయ్య