ఒక్కటి అనేకమగుట

దుర్గ్ నుండి దల్లీ రాజహరా వెళ్ళు రైలుమార్గంలో మరోదా ఒక స్టేషను. భిలాయి ఉక్కు కర్మాగారానికి నీటిని అందించే మరోదా జలాశయం కూడ ఇక్కడనే ఉన్నది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఈ కర్మాగారం వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. అప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉన్న ఈ ప్రాంతం 2000 సంవత్సరం నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఉన్నది. రాజహరా గనుల ముడి ఇనుము ఈ మార్గాననే కర్మాగారానికి చేరుతుంది. అక్కడ ఉక్కుగా మారి, రైలు పట్టాలుగా, పలకలుగా, కడ్డీలుగా వెలుపలికి వస్తుంది. పదార్థం ఒక్కటి, రూపాలు అనేకం. ఈ రెంటిలో ఏది యథార్థం?

ఇది తత్త్వశాస్త్రంలో అతి ప్రాచీనమైన ప్రశ్న. గ్రీకు దేశంలో పార్మెనిడీస్ సత్తు ఒక్కటేననీ, మార్పు, బహుత్వం కేవలం తోచేవేననీ వాదించాడు. 1907లో అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ ఏకానేక సమస్యను తత్త్వశాస్త్ర సమస్యలన్నింటికీ కేంద్రంగా పరిగణించాడు. మన దేశంలో ఛాందోగ్యోపనిషత్తు దీనిని తండ్రీకొడుకుల సంభాషణగా మన ముందుంచినది. ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మట్టిని, బంగారాన్ని, ఇనుప గోరుగల్లును ఉదాహరణలుగా చూపుతాడు. కారణమైన పదార్థం తెలిసినచో, దానితో చేసిన వస్తువులన్నీ తెలిసినట్లేనని ఆయన బోధ.

ఈ బోధకు ఆచార్యులు వేర్వేరు అర్థాలు చెప్పారు. శంకరుల మతంలో బ్రహ్మమొక్కటే పారమార్థిక సత్యం. నామరూపాలకు ఉన్నది వ్యావహారిక సత్త మాత్రమే. రామానుజులు చిదచిత్తులను ఈశ్వరునికి శరీరంగా భావించి, బహుత్వాన్ని ఏకత్వంలో ఇమిడ్చారు. మధ్వాచార్యులు భేదమే సత్యమన్నారు.

ఈ చర్చలో మరొక సమాధానం చెప్పిన వల్లభాచార్యులు ఛత్తీస్‌గఢ్ గడ్డమీదనే, రాజిమ్ సమీపాన గల చంపారణ్యంలో, 1479లో జన్మించారని సంప్రదాయం. ఆయన తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మ తెలుగువారు. ఆయన తన సిద్ధాంతాన్ని సంస్కృతంలో రచించారు. అణుభాష్యం వాటిలో ముఖ్యమైనది. ఆయన స్థాపించిన పుష్టిమార్గం వ్రజభూమిలోను, గుజరాత్, రాజస్థాన్‌లలోను విస్తరించినది. హిందీ భక్తకవి సూరదాసు ఆయన శిష్యుడని సంప్రదాయం చెబుతుంది.

వల్లభుల దర్శనానికి శుద్ధాద్వైతమని పేరు. ఏకమైన బ్రహ్మమే మాయ సహాయం లేకుండ స్వయంగా జగత్తు అయినదనీ, కనుక జగత్తు సత్యమనీ దాని సారాంశం. అయితే ఒక్కటి అనేకమైనప్పుడు ఆ మొదటిది చెడిపోదా? దీనికి సమాధానమే అవికృత పరిణామవాదం. పాలు పెరుగైన పిదప మరల పాలు కాజాలవు. అది వికృత పరిణామం. బంగారం గాజు అయినప్పుడు బంగారంగానే ఉంటుంది. అది అవికృత పరిణామం. బ్రహ్మం జగత్తగుట రెండవ విధమైనది.

ఈ భేదాన్ని భిలాయి కర్మాగారంలో ప్రత్యక్షంగా పరిశీలించవచ్చును. బ్లాస్టు ఫర్నేసులో ఖనిజం నుండి ప్రాణవాయువు విడిపోయి ఇనుము ఏర్పడుతుంది. అక్కడ ఖనిజం ఖనిజంగా మిగలదు. ఇది పాలు పెరుగైన తీరు. ఉక్కు పట్టా అయినప్పుడు మాత్రం ఉక్కు ఉక్కుగానే ఉన్నది. అరిగిన పట్టాను కరిగించినచో మరల ఉక్కే లభిస్తుంది. ఇది బంగారం గాజు అయిన తీరు.

అయినను ఒక ఆక్షేపణ మిగిలి ఉన్నది. అంతయు బ్రహ్మమే అయినచో రాయికి చైతన్యం, మనిషికి నిత్యానందం ఎందుకు లేవు? ఆవిర్భావ తిరోభావాలే కారణమని వల్లభుల సమాధానం. జడ పదార్థంలో చిత్తు, ఆనందం రెండును తిరోహితమై ఉన్నవి. జీవునిలో ఆనందం మాత్రమే తిరోహితం. ఇది కేవల తర్కం వలన తేలే నిర్ణయం కాదు. వల్లభులు శ్రుతిని ప్రమాణంగా స్వీకరించి, బ్రహ్మం విరుద్ధ ధర్మాలకు ఆశ్రయమని అంగీకరించారు. ఆ ప్రమాణాన్ని అంగీకరించనివారికి ఆక్షేపణ తీరదు.

ఈ దర్శనంలో విద్యార్థులు విశేషంగా గమనించదగిన అంశం జగత్తుకు, సంసారానికి గల భేదం. జగత్తు బ్రహ్మ కార్యం, అది సత్యం. సంసారం అవిద్య వలన కలిగినది. నేను, నాది అనే అభిమానమే దాని స్వరూపం. అనగా దోషం వస్తువుల బహుత్వంలో లేదు, వాటిని చుట్టుకొన్న మమకారంలో ఉన్నది. బహుత్వం మిథ్య అయినచో మనిషి భాషకు, వృత్తికి, శ్రమకు గల విలువ సన్నగిల్లుతుంది. బహుత్వం మాత్రమే సత్యమైనచో పొరుగువాని కష్టం మనదని చెప్పుటకు ఆధారం దొరకదు. వల్లభ దర్శనం ఈ రెండు చిక్కులను తప్పించుటకు ప్రయత్నించినది.

ఉపమానానికి పరిమితి కూడ ఉన్నది. ఉక్కుకు ఇష్టానిష్టాలు లేవు, మనుషులకు ఉన్నవి. పదార్థాల ఏకత్వం నుండి ప్రజల ఏకత్వాన్ని నేరుగా ఊహించరాదు. ఉద్యోగార్థం భిలాయికి వచ్చిన తెలుగు కుటుంబంలోని బాలుడు ఇంట తెలుగు, బడిలో హిందీ మాట్లాడుతాడు. అంగడిలో ఛత్తీస్‌గఢీ వింటాడు. అతడిని ఒకే అచ్చులో పోత పోయవలసిన పని లేదు. గాజులోని బంగారాన్ని గుర్తించుటకు గాజును కరిగించనక్కరలేదు. గాజుగా ఉన్నప్పుడే అది బంగారం.