పొగ కట్టడి ఉన్న ఊళ్లో కట్టెల స్టవ్

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ఇల్లు కొన్నాం. హాల్లో కట్టెల స్టవ్ పెట్టించాలని ఉంది. మాది పొగ నియంత్రణ ప్రాంతమట. ఎలాంటిది కొనాలండీ?

జవాబు: 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మేసిన పొగమంచు వేల ప్రాణాలు తీసింది. 1956 నాటి స్వచ్ఛ వాయు చట్టం, పొగ నియంత్రణ ప్రాంతాలు ఆ విషాదం తర్వాత వచ్చినవే. అలాంటి ప్రాంతంలో కట్టెలు కాల్చాలంటే బ్రిటన్ పర్యావరణ శాఖ డెఫ్రా ఆ కట్టడి నుంచి మినహాయింపు ఇచ్చిన మోడలే కావాలి. ‘ఎకోడిజైన్’ ముద్ర ఒక్కటే చూసి కొనేయకూడదు. 2022 నుంచి కొత్త స్టవ్‌లన్నీ ఆ ప్రమాణం అందుకోవాల్సిందే, మినహాయింపు వేరు.

మినహాయింపు ఉన్న చాలా స్టవ్‌లలో గాలి ద్వారం పూర్తిగా మూసుకోదు. మంటకు ఊపిరి ఆడుతూనే ఉంటుంది.

చాలామంది పొరబడేది సైజు దగ్గరే. మామూలు హాలుకు 5 కిలోవాట్లు సాధారణంగా సరిపోతాయి. పెద్దది కొని మంట తగ్గించి నడిపితే కట్టె సరిగా మండక పొగ కక్కుతుంది. కట్టెలో తేమ 20 శాతం మించకూడదు. పచ్చి కట్టె వేస్తే ఎంత ఖరీదైన స్టవ్ అయినా పొగే. చిమ్నీ నుంచి పొగ ఎక్కువగా వస్తే స్థానిక కౌన్సిల్ 300 పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు.

ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే మాత్రం ఈ ఆలోచన మానుకోవడమే మంచిది. ఎంత మేలైన కట్టెల స్టవ్ అయినా గ్యాస్ బాయిలర్ కంటే చాలా ఎక్కువ సూక్ష్మధూళి వదులుతుంది.