రంపపు బల్లపై రౌటరు – ఫెన్సు ఎన్నిక

సికింద్రాబాదు రైలు స్టేషనుకు ఒక ప్రక్క బోయిగూడ కలదు. ఆ పేరు వినగానే పూర్వము పల్లకీలు మోసిన బోయీలు జ్ఞప్తికి వత్తురు. నేడు ఆ వీధులలో నడచువానికి మొదట సోకునది టేకు వాసన. టింబరు డిపోల ముందు దూలములు, వాసములు, ద్వారబంధములకు కోసిన చెక్కలు గోడకు చేరవేసి యుండును. వెనుక షెడ్డులో రంపము తిరుగుచుండును. మన విద్యార్థులలో కొందరి తండ్రులు, అన్నలు ఇట్టి పనిచోట్లనే సంపాదించి వారిని చదివించుచున్నారు.

తెలుగు చెప్పెడి ఉపన్యాసకునికి రంపముతో ఏమి పని యని మీరు అడుగవచ్చును. కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలోని ఒక విద్యార్థి కుడిచేతి చూపుడువ్రేలికి కట్టుతో వచ్చెను. అతడు సాయంకాలములందు ఒక చిన్న కార్ఖానాలో పని నేర్చుకొనుచుండెను. రౌటరు వద్ద ఒక సన్నని చెక్కను త్రోయుచుండగా అది చేతిలోనుండి ఎగిరిపోయి, వ్రేలికొన కట్టరుకు తగిలినది. "మిషను చెడ్డది సార్" అని అతడనెను. నేను వెళ్ళి చూచితిని. మిషను బాగుగనే యున్నది. అతడు చెక్కను ఫెన్సుకును కట్టరుకును నడుమ ఇరికించి త్రోసినాడు. అట్లు చేయరాదని అతనికి ఎవరును చెప్పలేదు. తెలుగులో చదివి తెలుసుకొందమన్నను అతని చేతికి ఏ పుస్తకమును అందలేదు. తెలుగు చెప్పెడి నాకు ఆ లోటు నాదిగానే తోచెను. పనివారినడిగి, దగ్గర నిలిచి చూచి తెలుసుకొన్న సంగతులను ఇచ్చట క్రమముగా చెప్పుచున్నాను.

మాటలు

మన వడ్రంగుల భాషలో తెలుగు, ఉర్దూ చేయి చేయి కలిపి నడచును. చిత్రిక అన్నను రంద అన్నను ఒకే పనిముట్టు. రెండవది ఉర్దూ 'రందా' నుండి వచ్చినది. మూలమట్టమును గునియా యందురు. రంధ్రము చేయునది బర్మా. రంపమునకు ఉర్దూలో ఆరా యని పేరు. రౌటరు, ఫెన్సు అను మాటలు మాత్రము యంత్రములతోపాటు ఆంగ్లము నుండి వచ్చి అట్లే నిలిచినవి. ఫెన్సు అనగా సాధారణముగా కంచె. రంపపు బల్లపై మాత్రము అది చెక్కకు దారి చూపు పొడవైన నిలువు పట్టె. కొందరు దీనినే గైడు అందురు. ఆ పేరే దాని పనిని చక్కగా తెలుపును.

రెండు యంత్రముల స్వభావము

రంపపు బల్లలో మధ్య చీలిక నుండి గుండ్రని రంపపు బిళ్ళ పైకి లేచి యుండును. 1777లోనే ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ పొందిన పేటెంటులో గుండ్రని రంపము ప్రస్తావన కలదు. బిళ్ళయొక్క ముందరి పళ్ళు క్రిందికి దిగుచు చెక్కను బల్లకు అదిమిపట్టును. వెనుకటి పళ్ళు పైకి లేచుచు మనవైపు తిరిగి వచ్చును. చెక్క వెనుకభాగము ఆ పళ్ళకు ఒరసుకొన్నచో అవి దానిని ఎత్తి పనివాని పొట్టమీదికి విసరును. రంపపు బల్లవద్ద జరుగు ప్రమాదములలో ఇది మిక్కిలి భయంకరమైనది.

రౌటరు అనగా ఒక మోటారు, దాని కొనకు బిగించిన కట్టరు. నిమిషమునకు సుమారు 10,000 మొదలు 30,000 చుట్ల వరకు తిరుగును. గాడి తీయుటకు, అంచు గుండ్రముగా చేయుటకు, తలుపు చట్రములకు నగిషీ దించుటకు ఇది సాధనము. చేతితో పట్టుకొన్నపుడు యంత్రము చెక్కమీద నడచును. బల్లక్రింద బోర్లించి బిగించినపుడు యంత్రము కదలక నిలుచును, చెక్కయే నడచును. చేతి రౌటరు నిలువజాలని సన్నని పట్టెలకు ఈ పద్ధతి అనుకూలము.

ఇక దానిని రంపపు బల్లకే ఎందుకు అమర్చవలెను? చోటు లేకపోవుటయే మొదటి కారణము. పది అడుగుల షెడ్డులో రెండు బల్లలు పట్టవు. రంపమునకు ఇదివరకే చదునైన బల్ల, గట్టి కాళ్ళు, ఫెన్సు ఉన్నవి. బల్ల కుడి రెక్కలో రౌటరును దించినచో ఆ మూడును దీనికి కూడ ఉపకరించును.

అమర్చు విధము

పోత ఇనుప రెక్కకు రంధ్రము కోయుట కష్టము. ఆ రెక్కను విప్పి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు రెండు అతికించి, 36 మిల్లీమీటర్ల దళసరి రెక్కను చేసి అమర్చుట సులభము. క్రొత్త రెక్క పాత బల్లతో ఒకే మట్టమున ఉండవలెను. పొడవైన ఉక్కు పట్టెను అడ్డముగా నిలిపి, క్రింద వెలుతురు కనబడుచున్నదేమో చూడవలెను.

రెక్కలో చదరముగా రంధ్రము కోసి, చుట్టును మెట్టు తీసి, అందులో రౌటరును మోయు పలకను కూర్చుండబెట్టవలెను. పలక అల్యూమినియముది గాని హైలం షీటుది గాని కావచ్చును. హైలం అను పేరు మన హైదరాబాదు పరిశ్రమ వలననే వాడుకకు వచ్చినది. పలుచని పలక మోటారు బరువుకు నడుమ కుంగును. కుంగినచోట చెక్క ఊగును. ఊగిన చెక్కకు గాడి లోతు ఒకచోట ఒకటిగా, వేరొకచోట మరియొకటిగా పడును. కావున 6 మిల్లీమీటర్లకు తక్కువ పనికిరాదు. రౌటరు అడుగునగల ప్లాస్టిక్ బిళ్ళను విప్పి, దానినే నమూనాగా ఉంచి పలకపై మరల గుర్తులు పెట్టవలెను. మరల తలలు పలకలోనికి పూర్తిగా మునుగవలెను. పలక నాలుగు మూలలందు చిన్న మరలుంచినచో వానిని త్రిప్పి మట్టము సరిచేసికొనవచ్చును.

కట్టరు కాడను పట్టులో పూర్తిగా అడుగంట దింపరాదు. అడుగు తాకిన పిదప రెండు మూడు మిల్లీమీటర్లు పైకి తీసి బిగించవలెను. పెద్ద కట్టరుకు వేగము తగ్గించవలెను. 24,000 చుట్ల వేగము సన్నని కట్టరులకే తగును. 65 మిల్లీమీటర్లు దాటిన కట్టరును 12,000కు మించి త్రిప్పుట ప్రాణాపాయము. రంపమునకు, రౌటరుకు వేర్వేరు స్విచ్చులుండవలెను. ఒకటి పనిచేయునపుడు రెండవదాని ప్లగ్గు ఊడదీసి యుంచవలెను. రౌటరు నడుపునపుడు రంపపు బిళ్ళను బల్లక్రిందికి పూర్తిగా దింపవలెను.

ఒకే ఫెన్సు, రెండు ధర్మములు

ఈ వ్యాసమునకు ఇదియే గుండెకాయ. రంపమునకు ఫెన్సు బిళ్ళతో సమాంతరముగా ఉండి తీరవలెను. బిళ్ళకు ఒక పొడవు కలదు. దాని ముందరి పన్నుకు, వెనుకటి పన్నుకు ఫెన్సు సమదూరమున నిలువవలెను. వెనుక ఇరుకైనచో చెక్క నలిగి ఎగిరి వచ్చును. పరీక్ష సులభము. ఒక పన్నుకు సుద్దతో గుర్తు పెట్టి, ముందువైపు ఉంచి దూరము కొలువుము. అదే పన్నును చేతితో వెనుకకు త్రిప్పి మరల కొలువుము. రెండవ కొలత మొదటిదానికంటె తగ్గరాదు. ఈ పరీక్ష చేయునపుడు ప్లగ్గు ఊడదీసి యుండవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

రౌటరు సంగతి వేరు. కట్టరు ఒక బిందువునందు గుండ్రముగా తిరుగును. దానికి ముందు వెనుకలు లేవు. ఫెన్సు నుండి ఆ బిందువుకు ఎంత దూరమో అంతయే లెక్క. ఫెన్సు ఒక కొన కొంచెము జరిగినను గాడి అంచుకు సమాంతరముగానే వచ్చును. ఐతే దీనికి వేరు అవసరములు కలవు. ఫెన్సు నడుమ కట్టరు దాగుటకు ఖాళీ ఉండవలెను. పొట్టు పోవుటకు దారి ఉండవలెను. ముఖము బల్లకు గునియాకు సరిపోవునట్లు నిటారుగా నిలువవలెను.

కావున ఎన్నిక ఇట్లు చేయవలెను: ఫెన్సును రంపమును బట్టి కొనుము, రౌటరుకు కావలసినదానిని దానికి తగిలించుము.

నాలుగు రకములు

మొదటిది, నిటారైన చెక్కపట్టెను రెండు క్లాంపులతో బిగించుట. ఖర్చు లేదు. రౌటరుకు చాలును. రంపమునకైనచో ప్రతిసారియు సమాంతరము కొలువవలెను. తొందరలోనున్న పనివాడు కొలువడు.

రెండవది, చవుక బల్లలతో వచ్చు రేకు ఫెన్సు. ముందు బిగించునపుడు వెనుకకొన జరుగును. చేతితో వెనుకకొనను నెట్టి చూడుము. కదలినచో దానిని నమ్మరాదు.

మూడవది, ముందును వెనుకను రెండు కొనలందు బిగియునది. గట్టిదే, కాని రెండు కొనలు ఒకేసారి సరిగా నిలుచుచున్నవో లేదో చూచుకొనవలెను.

నాలుగవది, టీ అక్షరపు ఆకారముగలది. 1970వ దశకములో అమెరికాలో బీస్‌మేయర్ అనునతడు దీనిని ప్రసిద్ధికి తెచ్చెను. ముందరి ఇనుప గొట్టమును వెడల్పైన అడ్డుపట్టె కరచి పట్టుకొనుటచేత ఒక్క మీటతోనే పొడవంతయు నిటారుగా నిలుచును. బరువు మోయగలదు. రౌటరు ముఖమును తగిలించుటకు అన్నిటికంటె ఇదియే తగినది.

ఆ ముఖమును రెండు ప్లైవుడ్ పలకలతో చేసి, కట్టరుకు ఇరుప్రక్కల దగ్గరకు దూరమునకు జరుగునట్లు మరలతో బిగించుకొనవచ్చును. వెనుక పొట్టు లాగు గొట్టము పెట్టుకొనవచ్చును. రంపము పనికి తిరిగి వచ్చునపుడు దీనిని విప్పివేయవలెను.

త్రోయవలసిన దిక్కు

కుడి రెక్కలో రౌటరు ఉన్నపుడు పనివాడు బల్ల కుడికొనకు వచ్చి, ఫెన్సును ఎదురుగా ఉంచుకొని నిలువవలెను. కట్టరు పైనుండి చూచినచో గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగును. కావున చెక్కను తన కుడిచేతి వైపు నుండి ఎడమచేతి వైపునకు త్రోయవలెను. అపుడు కట్టరు చెక్కను ఎదిరించుచు, ఫెన్సుకు అదిమిపట్టును. ఎడమనుండి త్రోసినచో చెక్కను లాగుకొనిపోవును; దానితోపాటు చేతిని కూడ. ఫెన్సు ఎల్లపుడును కట్టరుకు ఆవలనే ఉండవలెను. చెక్కను రెంటి నడుమకు పంపరాదు. నా విద్యార్థి చేసిన తప్పు ఇదియే. గట్టి చెక్కలో ఒకేసారి లోతు తీయక మూడేసి మిల్లీమీటర్ల చొప్పున తీయవలెను. సన్నని పట్టెలకు తోపుడు కర్ర వాడవలెను.

మరియొక కంచె

1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టము 21వ సెక్షనులో యంత్రములకు కంచె కట్టవలెనని విధించెను. అచ్చటను వాడినమాట ఫెన్సింగే. అర్థము మాత్రము మనుష్యుని కాపాడు అడ్డు. విద్యుచ్ఛక్తి వాడుచోట పదిమందికి తక్కువైనచో సామాన్యముగా ఆ చట్టము వర్తించెడిది కాదు. ఇద్దరు ముగ్గురు పనిచేయు చిన్న షెడ్డులు ఆ కంచెకు వెలుపలనే యుండెను. అట్టిచోట పనివాని తెలివియే కంచె.

2022 మార్చి 23న బోయిగూడలోనే ఒక గోదాములో నిప్పంటుకొని, బీహారు నుండి వచ్చిన 11 మంది శ్రామికులు మరణించిరి. అది రంపమువలన జరిగినది కాదు. ఐనను నిద్రించు చోటును, మండెడి సరకును ఒకే కప్పు క్రింద ఉంచరాదని ఆ రాత్రి మనకు తెలిపెను. రంపపు పొట్టు ఎంత త్వరగా అంటుకొనునో వడ్రంగికి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతి సాయంకాలము రౌటరు చుట్టును, దాని మోటారు సందులలోను చేరిన పొట్టును ఊడ్చిన తరువాతనే షెడ్డు తలుపు వేయవలెను.

విద్యార్థులారా! మీ ఇంట ఈ పని చేయువారున్నచో సుద్దముక్క తీసికొని, పైన చెప్పిన పరీక్షను ఒకసారి వారితో కలిసి చేయుడు. ఐదు నిమిషములు చాలును. కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి: ఏడాదికి ఒక దినమైనను పని తెలిసిన వడ్రంగిని మన తరగతికి పిలిపించినచో, వారి మాటలు మేము వ్రాసికొందుము, తెలుగులోను ఉర్దూలోను. నా విద్యార్థి వ్రేలు మానినది. కొన మాత్రము కొంచెము పొట్టిగా మిగిలినది. నేడు అతడే ఆ కార్ఖానాలో క్రొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి దినమున ఫెన్సు సంగతి చెప్పుచున్నాడు.