జింకను చూశాం, బట్టమేక పిట్టను చూడలేదు



మీరు ఎప్పుడైనా జింకను చూశారా?

మా కేంద్రంలో నేను ఈ మాట అడిగాను. అందరూ నవ్వారు.

"ఏం టీచరమ్మా! దినామూ చూస్తాం. మా చేనులోనే ఉంటాయి కదా!" అంది ఒక అక్క.

నిజమే. ఆదోని, ఆస్పరి, ఆలూరు వైపు నల్లరేగడి చేలల్లో జింకలు మందలుగా తిరుగుతాయి. మనకు అది వింత కాదు.

ఆఫ్రికా ఖండంలో కెన్యా, టాంజానియా అనే దేశాలు ఉన్నాయి. అక్కడ పెద్ద పెద్ద గడ్డి మైదానాలు ఉన్నాయి. సింహాలు, ఏనుగులు, జిరాఫీలు ఉన్నాయి. వాటిని చూడడానికి దేశదేశాల జనం లక్షల రూపాయలు ఖర్చు పెట్టి పోతారు. జీపుల్లో తిరిగి చూస్తారు. దాన్ని 'సఫారీ' అంటారు. అక్కడి స్వాహిలి భాషలో సఫారీ అంటే ప్రయాణం.

"మనమూ ఒక సఫారీ చేద్దామా?" అన్నాను.

"జీపు యాడ ఉంది?" అన్నారు.

"కాళ్లు ఉన్నాయి కదా!" అన్నాను.

మంద

శ్రావణ మాసం. తెల్లవారుజామున సద్ది కట్టుకొని ఊరి బయటికి నడిచాం. బీడులో మంద మేస్తోంది. లెక్కపెట్టాం. ముప్పై రెండు.

"నల్లవి వేరే జాతా? ఎర్రవి వేరే జాతా?" అని ఒక చెల్లెలు అడిగింది.

కాదు. అన్నీ ఒకటే జాతి. దాని పేరు కృష్ణ జింక. పెరిగిన మగది నల్లగా ఉంటుంది. పొట్ట తెల్లగా ఉంటుంది. కొమ్ములు మెలి తిరిగి ఉంటాయి. ఆడవీ, పిల్లలూ లేత గోధుమ రంగులో ఉంటాయి. ఆడవాటికి మామూలుగా కొమ్ములు ఉండవు. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు ఇదే.

ఇంతలో ఒక కుక్క వచ్చింది. ఒక జింక గాల్లోకి ఎగిరింది. దాని వెనక అన్నీ ఎగిరాయి. చూస్తుండగానే మాయమైపోయాయి. కృష్ణ జింక గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. మన ఊరి బస్సు కూడా అంత జోరుగా పోదు.

అంత వేగం ఎందుకు? ఒకప్పుడు మన దేశంలో చీతా ఉండేది. చీతా అంటే చిరుతపులి కాదు. అది వేరే జంతువు. నేల మీద అన్నిటికంటే వేగంగా పరుగెత్తే జంతువు అది. జింకలను వేటాడి తినేది. రాజులు చీతాలను పట్టి, మచ్చిక చేసి, జింకల వేటకు వాడుకున్నారు. చివరికి చీతాలు లేకుండా పోయాయి. 1952లో ప్రభుత్వమే ఆ మాట ప్రకటించింది. 70 ఏళ్ల తరువాత, 2022లో, ఆఫ్రికాలోని నమీబియా దేశం నుంచి 8 చీతాలను విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో వదిలారు.

తరిమే చీతా పోయింది. జింకకు పరుగు మాత్రం మిగిలింది.

గడ్డిలో పిల్ల

తిరిగి వస్తుంటే గట్టు పక్కన గడ్డిలో ఒక జింక పిల్ల కనిపించింది. కదలకుండా ముడుచుకొని పడుకుంది.

"అయ్యో పాపం! తల్లి వదిలేసి పోయింది. ఎత్తుకుందాం" అంది ఒక పిన్ని.

"ముట్టుకోవద్దు పిన్నీ!" అన్నాను.

తల్లి దాన్ని వదిలెయ్యలేదు. దాచిపెట్టి మేతకు పోయింది. కుక్కల కంట పడకుండా పిల్ల కదలదు. మనం ఎత్తుకుపోతే అది తల్లికి దూరమవుతుంది. మేము దూరంగా వేపచెట్టు కింద కూర్చున్నాం. చాలాసేపటికి తల్లి వచ్చింది. పిల్ల లేచి పాలు తాగింది.

అప్పుడు మా అవ్వ ఒకామె అంది: "మనమూ అంతే కదమ్మా! చంటిపిల్లను చెట్టు కింద పండబెట్టి కలుపు తీయడానికి పోమా?"

ఎవరూ మాట్లాడలేదు. మా అందరికీ ఆ చెట్టు కింది పిల్లలే గుర్తొచ్చారు.

కనిపించని పిట్ట

మరుసటి ఆదివారం రోళ్లపాడుకు బయలుదేరాం. ఎమ్మిగనూరులో ఇంకో కేంద్రం అక్కలు ఐదుగురు మా బస్సు ఎక్కారు. కర్నూలు దాటి నందికొట్కూరు వైపు పోవాలి. అది మిడుతూరు మండలం. 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది.

రోళ్లపాడులో గడ్డి మైదానం ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. బట్టమేక పిట్ట చాలా పెద్దది. సుమారు మీటరు ఎత్తు ఉంటుంది. మగది 10 కిలోలు దాటి బరువు తూగుతుంది. అంత బరువున్నా ఎగురుతుంది!

పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా చూశాం. జింకలు కనిపించాయి. బట్టమేక పిట్ట కనిపించలేదు.

"అన్నా, ఎప్పుడు వస్తే కనిపిస్తుంది?" అని అక్కడి కాపలా మనిషిని అడిగాం.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

1980లలో అక్కడ ఆ పిట్టలు పదుల సంఖ్యలో ఉండేవి. ఇప్పుడు దాదాపు కనిపించడం లేదు. ఎందుకు?

ఆ పిట్ట గూడు కట్టదు. నేల మీదే గుడ్డు పెడుతుంది. అదీ మామూలుగా ఏడాదికి ఒకటే. కుక్క తిన్నా, పశువు తొక్కినా ఆ ఏడు పిల్ల లేదు. చుట్టూ ఉన్న బీళ్లు సాగులోకి వచ్చాయి. నీళ్లు వచ్చాక పైర్లు మారాయి. తిరగడానికి గడ్డి నేల తగ్గింది. కరెంటు తీగలు ఇంకో గండం. దానికి ఎదురుగా చూపు సరిగా ఆనదు. తీగలకు తగులుకొని చనిపోతుంది. ఇప్పుడు దేశం మొత్తం మీద మిగిలినవి సుమారు 150. చాలా వరకు రాజస్థాన్‌లోనే ఉన్నాయి. అక్కడ 2019 నుంచి గుడ్లు తెచ్చి, పొదిగించి, పిల్లలను పెంచుతున్నారు.

నా చేనుకు ఏముంది?

తిరుగు బస్సులో ఒక అక్క కోపంగా అంది:

"పిట్ట పోయిందని ఏడుస్తున్నారు. బాగుంది. జింకను చంపితే జైలు. మరి నా రెండెకరాల శనక్కాయ మొలకలు జింకలు మేసి పోయినాయి. ఇద్దరు పిల్లలను అవ్వ దగ్గర వదిలి గుంటూరుకు సుగ్గికి పోయినాను. జింకకు చట్టం ఉంది. నా చేనుకు ఏముంది?"

ఆమె కోపంలో న్యాయం ఉంది. జింక కూడా తప్పు చేయలేదు. దాని బీడు చేను అయింది. అది ఎక్కడ మేస్తుంది?

1972 చట్టం ప్రకారం కృష్ణ జింకను చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడమూ నేరమే. దానికి తగిలి మనుషులు కూడా చచ్చిపోతారు. అయితే అడవి జంతువుల వల్ల పంట పోతే పరిహారం కోరవచ్చు. నోటితో చెబితే చాలదు. కాగితం మీద రాసి ఇవ్వాలి.

"నాకు రాయడం వచ్చు" అంది ఆ అక్క. మళ్లీ మొలకలు పోయినప్పుడు ఆమే రాసింది:

*అటవీ అధికారి గారికి,*
*మా ఊళ్లో నాకు రెండు ఎకరాల చేను ఉంది. (సర్వే నంబరు రాయాలి.) నిన్న రాత్రి జింకలు శనక్కాయ మొలకలు మేశాయి. ఒక ఎకరం పోయింది. మీరు వచ్చి చూసి, నాకు పరిహారం ఇప్పించండి.*
*ఇట్లు,*
*(సంతకం, తేదీ)*

రెండు కాపీలు తీసుకుపోయింది. ఒకటి ఇచ్చింది. రెండో దాని మీద ముద్ర వేయించుకుంది. పరిహారం ఇంకా రాలేదు. ఆమె వదల్లేదు. ఆ కాగితం పట్టుకొని రెండుసార్లు పోయి అడిగి వచ్చింది.

"ముందు వేలిముద్ర వేసేదాన్ని. ఇప్పుడు నా మాట నేనే రాశాను" అంటుంది.

పిట్ట పోయాక రాసి లాభం లేదు. చేను పోయాక సుగ్గికి పోయి లాభం లేదు. చూసింది చూసినప్పుడే రాయాలి.

కొత్త మాటలు

మైదానం – చదునుగా ఉండే పెద్ద నేల
రక్షిత ప్రాంతం – జంతువులను వేటాడకూడదని ప్రభుత్వం ప్రకటించిన చోటు
పరిహారం – నష్టానికి ఇచ్చే డబ్బు

మాట్లాడుకోండి

1. మీ చిన్నప్పుడు చూసి, ఇప్పుడు కనిపించని పిట్టలు ఏవి? ఎందుకు పోయాయి?
2. మీ ఊళ్లో బీడు ఎంత మిగిలింది?
3. జింకా బతకాలి, చేనూ బతకాలి. ఏం చేస్తే బాగుంటుంది?

మీరే రాయండి

మీ చేనులో ఈ వారం చూసిన ఒక జంతువు గురించి ఐదు మాటలు రాయండి. తేదీ వేయండి. కింద సంతకం చేయండి.