బడి మన హక్కు ఎలా అయింది?

రాత్రి బడికి ఆడవాళ్లంతా వచ్చారు. ఒకామె మాత్రం దిగులుగా కూర్చుంది.

"ఏమైంది వదినా?" అని పక్కనున్నామె అడిగింది.

"మా పిల్లకు అయిదో తరగతి అయిపోయింది. ఆరో తరగతికి నాలుగు కిలోమీటర్లు పోవాలి. ఆడపిల్లను ఒంటరిగా ఎట్లా పంపేది? వాళ్ల నాన్న బడి మానిపిద్దాం అంటున్నాడు."

చదువు చెప్పే అక్క ఆ మాట వింది. "పిల్లకు చదువు అందేలా చూడాల్సింది సర్కారు. అది దయ కాదు, చట్టం" అంది. ఆ చట్టం ఎలా వచ్చిందో ఆ రాత్రి చెప్పింది.

పన్ను రైతుది, చదువు కొందరిది

వెనకటి రోజుల్లో చదువు కొందరికే ఉండేది. ఆడవాళ్లను, కింది కులాల వాళ్లను దగ్గరికి రానిచ్చేవారు కాదు.

1848లో పూనాలో జ్యోతిరావు ఫూలే ఆడపిల్లలకు బడి పెట్టాడు. ఆయన భార్య సావిత్రీబాయి అక్కడ పంతులమ్మ. ఆమె బడికి వెళ్తుంటే దారిలో పేడ విసిరేవారు. ఆమె ఇంకో చీర వెంట తీసుకెళ్లేది. బడిలో చీర మార్చుకుని పాఠం చెప్పేది. మన తెలుగునాట 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం ఆడపిల్లల బడి పెట్టాడు.

అప్పుడు ఇంగ్లీషువాళ్ల పాలన. 1882లో వాళ్లు చదువుల గురించి ఒక కమిషన్ వేశారు. ఫూలే ఆ కమిషన్‌కు రాసి ఇచ్చాడు. రైతు చెమటోడ్చి పన్ను కడుతున్నాడు, ఆ డబ్బుతో పైవాళ్ల పిల్లలు చదువుతున్నారు అన్నాడు. 12 ఏళ్ల దాకా పిల్లలందరికీ చదువు తప్పనిసరి చేయాలని అడిగాడు. ప్రభుత్వం వినలేదు.

బరోడా రాజు శాయాజీరావు మాత్రం 1906లో తన రాజ్యమంతటా ఉచిత చదువు తప్పనిసరి చేశాడు. దేశమంతా అలా చేయాలని 1911లో గోఖలే బిల్లు పెట్టాడు. 1912లో ఆ బిల్లు ఓడిపోయింది.

మాట ఇచ్చారు, గడువు దాటింది

స్వరాజ్యం వచ్చింది. 1950లో రాజ్యాంగం అమలైంది. 14 ఏళ్ల దాకా పిల్లలందరికీ 10 ఏళ్లలో ఉచిత చదువు అందించే ప్రయత్నం చేయాలని అందులో రాశారు. 1951 లెక్కల్లో 100 మంది ఆడవాళ్లలో 9 మందికే చదువు వచ్చు. 1960 వచ్చింది, పోయింది. అందరికీ బడి రాలేదు. ఎందుకని? అది హక్కుగా రాసింది కాదు. కోర్టుకు వెళ్లి అడిగే వీలు లేదు.

1993లో సుప్రీంకోర్టు 14 ఏళ్ల దాకా చదువు హక్కే అని తీర్పు చెప్పింది. 2002లో రాజ్యాంగం మార్చారు. 2009లో విద్యాహక్కు చట్టం చేశారు. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

చట్టం ఏం చెబుతుంది?

6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సర్కారు బడిలో ఫీజు లేదు. బడి మానేసిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. తప్పిన పాఠాలు విడిగా చెప్పాలి. నిబంధనల ప్రకారం కిలోమీటరు లోపు అయిదో తరగతి దాకా బడి ఉండాలి. మూడు కిలోమీటర్ల లోపు ఎనిమిదో తరగతి దాకా బడి ఉండాలి. బడి దూరమైన చిన్న పల్లెల పిల్లలకు బండి గానీ, హాస్టలు గానీ ఏర్పాటు చేయాలి.

సర్కారు బడికి కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. అంటే 16 మంది కమిటీలో 12 మంది తల్లిదండ్రులు, 8 మంది ఆడవాళ్లు. బడికి ఏం కావాలో ఈ కమిటీ ప్రణాళిక రాయాలి. గదులు, నీళ్లు, ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్డి, పంతుళ్లు, అన్నీ అందులో రాయవచ్చు. రాయకపోతే మన అవసరం పైవాళ్లకు ఎలా తెలుస్తుంది?

అక్క చెప్పడం ఆపింది. ఆ తల్లి కాసేపు ఆలోచించింది.

"అయితే మా పిల్ల సంగతి కమిటీలో చెబుతాను. బండి కావాలని కాగితం రాస్తాను. తప్పులు పోతే మీరు దిద్దండి" అంది.

"మా పిల్ల పేరు కూడా రాయి వదినా" అంది పక్కనున్నామె.

ఆలోచించండి
1. మీ ఊరి బడి కమిటీలో ఆడవాళ్లు ఎంతమంది?
2. మీ వీధిలో బడి మానేసిన పిల్లలు ఉన్నారా? ఎందుకు మానేశారు?
3. మీ బడికి కావలసినవి మూడు రాయండి.