గుడి మైకులో, ఫోన్‌లో, టీవీలో భజన పాట ఒకేలా వినబడాలంటే: మిక్సింగ్ పాఠం



భజన మండలి వాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "హెడ్‌ఫోన్‌లో వింటే పాట బాగుంది. ఫోన్‌లో పెడితే డోలక్ మాయమైతుంది. గుడి మైకులో పెడితే తాళాలు చెవులు కోస్తున్నాయి, మాట మాత్రం అర్థం కావట్లేదు. ఎందుకు?" ఇవాళ పాఠం దీని మీదే. ఎక్కడ మోగినా పాట తన రూపం పోగొట్టుకోకుండా ఉండడాన్ని సౌండ్ పనిలో ఉన్నవాళ్లు 'ట్రాన్స్‌లేషన్' అంటారు. అనువాదానికీ దీనికీ సంబంధం లేదు.

ముందుగా మన పాట ఎవరు, ఎక్కడ వింటారో చూడండి. మా జక్రాన్‌పల్లి, ఆర్మూర్ వైపు పసుపు ఉడకబెట్టే కాడ చిన్న ఫోన్‌లో వింటారు. 44వ నంబరు జాతీయ రహదారి మీద పోయే లారీలో, ఇంజన్ మోతలో వింటారు. పొద్దున గుడి మీది హార్న్‌లో ఊరంతా వింటుంది. ఫోన్ స్పీకర్ నుంచి సుమారు 200–300 హెర్ట్జ్ కింది శబ్దం దాదాపు రాదు. హార్న్‌లో కింది శబ్దమూ రాదు, బాగా పైనున్న శబ్దమూ రాదు. రెండింటిలోనూ మిగిలేది మధ్య భాగమే. కాబట్టి పాట ప్రాణం ఆ మధ్య భాగంలో ఉండాలి.

అక్కడ ముందు నిలబడాల్సింది మాట. అచ్చులు శబ్దాన్ని మోస్తాయి, అర్థాన్ని ఎక్కువగా మోసేది హల్లులు. 'లక్ష్మీనరసింహ' అన్నప్పుడు ఆ 'క్ష్మ' వినబడకపోతే లింబాద్రి గుట్ట స్వామి పేరే సగం పోయినట్టు. హల్లుల స్పష్టత ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మన తంటా ఏమిటంటే హార్మోనియం, తాళాల శబ్దం కూడా అక్కడే గట్టిగా ఉంటుంది. చెవి కూడా ఆ చోటే చాలా చురుకు. అందుకే అక్కడ మూడూ కొట్టుకుంటాయి.

ఇక పని వరుస చెప్తాను.

ఒకటి. ఫేడర్లన్నీ కిందికి దించండి. ముందు గొంతు ఒక్కటే పెట్టండి. మగ గొంతుకు 80 హెర్ట్జ్ దగ్గర, ఆడ గొంతుకు 100–120 దగ్గర హై పాస్ ఫిల్టర్ పెడితే ఫ్యాన్ గుమగుమ, మైకు స్టాండ్ చప్పుడు తగ్గుతాయి.

రెండు. కంప్రెసర్ పెట్టే ముందే చరణం చరణం విని, తగ్గిన మాటను చేత్తో పైకి లేపండి, అరిచిన మాటను కిందికి దించండి. ఓపిక కావాలి గానీ, పాట సగం ఇక్కడే కుదురుతుంది. తర్వాత 3:1 కంప్రెషన్, 3 నుంచి 5 డెసిబెల్‌లు తగ్గేటట్టు పెడితే చాలు.

మూడు. డోలక్ తెండి. ఎడమ వైపు 'ధుమ్' ఫోన్‌లో రాదు, కుడి వైపు చరుపు వస్తుంది. 'ధుమ్' కోసం బాస్ పెంచుకుంటూ పోతే ఫోన్‌లో ఏమీ మారదు, కారులో మాత్రం డబ్బా మోగినట్టు అయితుంది. దానికి బదులు కొంచెం శాచురేషన్ ఇవ్వండి. అసలు శ్రుతి వినబడకపోయినా దాని పై హార్మోనిక్‌లు వినబడితే మెదడు కింది స్వరాన్ని తానే ఊహించుకుంటుంది.

నాలుగు. హార్మోనియంకు 2500 హెర్ట్జ్ చుట్టూ 2–3 డెసిబెల్‌లు తగ్గించండి. గొంతుకు దారి ఇచ్చినట్టు అయితుంది. తాళాలు చివరన తెండి. 'ఉన్నాయి' అని తెలిస్తే చాలు.

ఐదు. కోరస్ అసలు గొంతు కన్నా వెనక ఉండాలి. పది మంది ఒకేసారి 'శ', 'స' పలికితే హార్న్‌లో ఈల వేసినట్టుంటుంది. అక్కడ డీఎస్సర్ వాడండి.

ఆరు. రివర్బ్‌లో జాగ్రత్త. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఊరికి రెండు కొసలా ఉన్న హార్న్‌ల మధ్య 170 మీటర్ల దూరం ఉంటే, ఒకదాని దగ్గర నిలబడ్డవాళ్లకు రెండోదాని మాట అర సెకను ఆలస్యంగా వస్తుంది. ఊరే రివర్బ్ ఇస్తోంది, మనం ఇంకా పోస్తే మాట ముద్దయిపోతుంది. రివర్బ్ చిన్నగా పెట్టి, 20–40 మిల్లీసెకన్ల ప్రీ డిలే ఇవ్వండి.

ఇదంతా సన్నటి వాల్యూమ్‌లో చేయండి. గట్టిగా వింటే ఏదైనా బాగున్నట్టే అనిపిస్తుంది. శబ్దం తగ్గేకొద్దీ చెవికి కింది స్వరాలు త్వరగా పడిపోతాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. పక్కన మనిషి మాట్లాడే మాట వినబడేంత వాల్యూమ్‌లో కూడా పాటలోని పదాలు అర్థమైతే లెవెల్స్ కుదిరినట్టే.

ఇప్పుడు మోనో బటన్ నొక్కండి. హార్న్‌లో మోగేది మోనోయే. వెడల్పు కోసం సాగదీసిన హార్మోనియం మోనోలో పల్చబడితే ఫేజ్ తేడా ఉన్నట్టు. ఆ వెడల్పు తీసేయండి. ఒకే ఒక్క చిన్న స్పీకర్ ఉన్న ఆరటోన్ డబ్బాలను పెద్ద స్టూడియోలు పక్కన పెట్టుకున్నది ఇలాంటి పరీక్షకే. మనకు ఆ పని పాత ఫోన్ చేస్తుంది.

పోల్చుకోవడానికి ఘంటసాల గారి భగవద్గీత పెట్టి వినండి. గొంతు ఎంత ముందుందో, వాద్యం ఎంత వెనక ఉందో గమనించండి. రెండు పాటల వాల్యూమ్ సమానం చేశాకే పోల్చాలి.

చివరగా లౌడ్‌నెస్. యూట్యూబ్ సుమారు −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర పాటలను సమానం చేస్తుంది. మీరు లిమిటర్‌తో పిండి −8కి తెచ్చినా అది 6 డెసిబెల్‌లు దించేస్తుంది. అప్పుడు మిగిలేది నలిగిన డోలక్ ఒక్కటే. −14 దగ్గర, ట్రూ పీక్ −1 దాటకుండా ఇవ్వండి.

ఇంకొక మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్‌లు. మాట అర్థం కాలేదని గుడిలో వాల్యూమ్ పెంచితే పరీక్షలకు చదువుకునే పిల్లలకు, మంచాన ఉన్న పెద్దవాళ్లకు ఇబ్బంది. మిక్స్ శుభ్రంగా ఉంటే సన్నగా పెట్టినా చివరి ఇంటి అవ్వకు స్వామి పేరు వినబడుతుంది. మన కష్టమంతా అందుకే.

ఈ వారం మీ మండలి పాట ఒకటి తీసుకుని ఫోన్, కారు, టీవీ, గుడి మైకు నాలుగింట్లో వినండి. పాటలోని పదాలు తెలియని మనిషిని పక్కన కూర్చోబెట్టి, వినబడిన పదాలు రాయమనండి. రాయలేకపోయిన పదం దగ్గరికి వెళ్లి ఫేడర్ పట్టుకోండి.

శుభం.