తమ్ముడు రాఖీకి ముందే వచ్చిండంటే...

ఈసారి మన ముచ్చట జర సినిమాల దిక్కు పోతది. హీరోల ముచ్చట కాదు, ముందే చెప్తున్న.

2025ల రాఖీ పున్నమి ఆగస్టు 9న పడ్డది. మా చిన్నమ్మ కొడుకు పట్నంల కృష్ణానగర్‌ల ఉంటడు, లైట్‌మెన్ పని. ఎప్పుడైన పండుగ నాడు మబ్బుల వచ్చి, రాఖీ కట్టించుకొని మాపటి బస్సుకే ఉరుకుతడు. ఆ ఏడు మూడు రోజుల ముందే వచ్చి మన తిరుమలగిరి చౌరస్తాల దిగిండు. కొడుకు నిమ్మలంగ వచ్చిండని చిన్నమ్మ మస్తు మురిసింది. నాకే అనుమానం కొట్టింది. "ఏందిరా తమ్మీ, షూటింగ్ లేదా?" అంటే, "బంద్ అక్కా, నాలుగో తారీకు సంది" అన్నడు.

రాఖీ కట్టినంక పళ్లెంల ఎప్పుడు ఐదు వందల నోటు పెట్టేటోడు. ఆ ఏడు వంద పెట్టి దిక్కులు చూసిండు. నేను ఆ వందను మెల్లగ వాని జేబుల పెట్టబోతే, కట్నం తిరిగిస్తరా అని చిన్నమ్మ నన్నే తిట్టింది.

లొల్లి ఏందంటే, సినిమా పనోళ్ల కూలిని మూడేండ్లకోసారి కూసొని మాట్లాడుకొని పెంచుతరు. దాన్ని వాళ్లు బేటా అంటరు. ఈసారి 30 శాతం పెంచాలె, ఏ రోజు పైసలు ఆ రోజే ఇయ్యాలె అని ఫిల్మ్ ఎంప్లాయీస్ ఫెడరేషన్ అడిగింది. ఫెడరేషన్ అంటే 24 క్రాఫ్ట్స్: లైట్లు మోసేటోళ్లు, మేకప్, కాస్ట్యూమ్స్, డ్రైవర్లు, సెట్ల చాయ్, టిఫిన్ అందించే ప్రొడక్షన్ వాళ్లు, ఇట్ల అందరు. అంత పెంచుడు మాతోని కాదని నిర్మాతలు అన్నరు. ఆగస్టు 4న పని ఆగింది, 18 రోజులు ఆగింది. చిరంజీవి రెండు దిక్కులోళ్లతోని మాట్లాడిండు, ముఖ్యమంత్రి కల్పించుకున్నడు. ఆఖరికి ఆగస్టు 21న లేబర్ ఆఫీసుల ఎక్కువల ఎక్కువ 22.5 శాతం కాడ తెగింది. అదీ ఒక్కపారి కాదు. రోజుకు 2,000 లోపు బేటా ఉన్నోళ్లకు మొదటి ఏడు 15, రెండో ఏడు 2.5, మూడో ఏడు 5 శాతం. అంతకంటే ఎక్కువ, 5,000 దాక ఉన్నోళ్లకు మొదటి ఏడు 7.5, తర్వాత ఐదు, ఐదు.

మనం ఇంటి ఖర్చు లెక్క రాసేటోళ్లం గదా, ఇది కూడ ఒకసారి రాసి చూడుండ్రి. బేటా వెయ్యి రూపాయలు అనుకుందాం. మొదటి ఏడు పెరిగింది రోజుకు 150. ఆ పద్దెనిమిది రోజులు రోజూ పని ఉండేదనుకుంటే పోయింది 18,000. ఆ పైసలు పూడాల్నంటే 120 కాల్షీట్లు చెయ్యాలె. సినిమాల పని రోజూ ఉంటదా? మా వానికి నెలల పదిహేను రోజులు దొరికితే పండుగే. అంటే ఎనిమిది నెలలు. అయినా నేను దీన్ని నష్టం అనను. పెరిగిన బేటా మీదికెళ్లే మళ్ల బేరం మొదలైతది, అది పోయేది కాదు. కాకపోతే ఆ ఎనిమిది నెలలు ఇల్లు ఎట్ల గడవాల్నో పేపర్ల ఎవరు రాయరు.

అది వాళ్లు కోరి కట్టిన సమ్మె, అనుకుందాం. అడగకుండ వచ్చి మీద పడ్డ బంద్‌లు కూడ ఉన్నయి. 2022 ఆగస్టు 1 సంది నిర్మాతలే షూటింగులు ఆపిండ్రు. ఖర్చులు పెరిగినయి, ఓటీటీల సినిమా తొందరగ వస్తుంటే థియేటర్లకు జనం వస్తలేరు అని వాళ్ల బాధ వాళ్లది. దాదాపు నెల రోజులు పని లేదు. మన మార్కెట్ యార్డుల ఖరీదుదార్లు కొనుడు బంద్ పెట్టిన నాడు చూడుండ్రి, పంచాయితీ వాళ్లకు, అడ్తిదార్లకు నడుమ. గని పొద్దంత ఒట్టిగ కూసొని పోయేది హమాలీలు, చాటలు పట్టుకొని వచ్చిన ఆడోళ్లు. గంతే.

అమెరికాల ఇది ఇంకా పెద్దగ అయింది. 2023 మే 2 సంది సెప్టెంబర్ 27 దాక, 148 రోజులు, హాలీవుడ్ రచయితలు కలం కింద పెట్టిండ్రు. సుమారు 11,500 మంది. ఓటీటీ వచ్చినంక మాకు పని దినాలు తగ్గినయి, మేం రాసింది ఎన్నిమార్లు చూసినా మాకొచ్చేది తక్కువ, రేపు కృత్రిమ మేధతోని రాయించి మమ్మల్ని ఇంటికి పంపుతరు అని వాళ్ల కొట్లాట. జూలై 14న నటులు కూడ దిగిండ్రు. వాళ్ల దిక్కు న్యాయం ఉన్నదనే నేనంట. గని రాసేటోళ్లు రాయకపోతే తీసేటందుకు ఏముంటది? సెట్టు వేసే వడ్లాయన, లైట్లు మోసేటోడు, బట్టలు ఇస్త్రీ చేసే ఆమె, వ్యాను తోలేటోడు ఖాళీ. వీళ్లు సమ్మె కట్టలేదు. సమ్మె గెలిస్తే పెరిగేది కూడ రచయితల పైసలే. ఇంకో తంటా, అక్కడ ఇన్ని నెలలల్ల ఇన్ని గంటల పని అని లెక్క ఉంటెనే యూనియన్ వైద్య బీమా నడుస్తది. పని లేకపోతే కూలి ఒక్కటే కాదు, దవాఖాన ఖర్చుకు ఆసరా కూడ పోతది.

అయినా చానమంది సెట్టు పనోళ్లు రచయితల దిక్కే నిలబడ్డరు. స్టూడియో గేటు కాడ అట్టలు పట్టుకొని రచయితలు తిరుగుతుంటే, ఆ వరుస దాటం అని ట్రక్కు డ్రైవర్లు బండ్లు వెనుకకు మళ్లించిండ్రు. కూలి పోతదని తెలిసి మళ్లించిండ్రు చూడు, అది మామూలు మాట కాదు.

మరి వాళ్లకు ఎవరు ఆసరా అయిండ్రు అంటే, అక్కడక్కడ మంచి ముచ్చట్లున్నయి. డ్రూ కేరీ అనే హాస్య నటుడు లాస్ ఏంజిలిస్ దిక్కు హోటళ్లల్ల సమ్మె చేసేటోళ్ల తిండి బిల్లు తానే కట్టిండు. రాత్రిపూట టీవీ షోలు నడిపే ఐదుగురు, ఎప్పుడు ఒకరికొకరు పోటీ ఉండేటోళ్లు, కలిసి 'స్ట్రైక్ ఫోర్స్ ఫైవ్' అని పాడ్‌కాస్ట్ పెట్టి, వచ్చిన పైసలు పని లేక కూసున్న తమ షోల సిబ్బందికి ఇచ్చిండ్రు. కొంతమంది రచయితలు, దర్శకులు యూనియన్ సాలిడారిటీ కోయలిషన్ అని పెట్టుకొని, బీమా పోయే క్రూ వాళ్ల కోసం వేలంపాట పెట్టిండ్రు. ఆ వేలంల ఏమేమున్నయో వింటే నవ్వుతరు. జాన్ లిత్‌గో అనే పెద్ద నటుడు మీ కుక్క బొమ్మ గీసిస్తడట. ఆడమ్ స్కాట్ అనే ఇంకో నటుడు ఒక గంట మీ కుక్కను తిప్పుకొస్తడట. పెద్దోళ్ల సరదా అనుకోండ్రి, గని మా సమ్మెతోని మీ బీమా పోతున్నది, మాకు యాది ఉన్నది అని పని చేసి చూపెట్టుడే గదా అది.

మన దగ్గర లేదా అంటే, ఉన్నది. 2020ల కరోనాతోని షూటింగులు ఆగితే చిరంజీవి ముందుండి కరోనా క్రైసిస్ చారిటీ (సీసీసీ) అని పెట్టి, సినిమా పనోళ్ల ఇండ్లకు ఉప్పు పప్పు పంపించిండ్రు. ఇంకొకాయన మన పక్కనే, తుంగతుర్తి బిడ్డ, నటుడు డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి. నిజంగనే డాక్టరు చదివిండు. సినీ కార్మికులకు సొంత ఇండ్లు ఉండాలె అని తండ్లాడిండు, అందుకే మణికొండ దిక్కు ఉన్న చిత్రపురి కాలనీకి ఆయన పేరు పెట్టుకున్నరు. బంద్ వచ్చిన నెల సొంత గూడు ఉన్నోడు ఎట్ల నిద్ర పోతడో, కిరాయికున్నోడు ఎట్ల పోతడో అడిగి చూడుండ్రి. ఆయన పోయింది 1997ల. తుంగతుర్తి బాటన పోయే పిల్లలకు ఆయన పేరు చెప్పేటోళ్లే తక్కువైండ్రు.

గని బంద్ నాడు నిజంగ బరువు మోసేది ఆడోళ్లు. వీళ్ల పేర్లు ఏ యూనియన్ రిజిస్టర్‌ల ఉండయి. మా వాడు యూనియన్ కార్డు తీసుకున్ననాడు దాని పైసలకు చిన్నమ్మ బర్రెను అమ్మింది. ఆ పద్దెనిమిది రోజులల్ల వాని భార్య కమ్మలు కుదువబెట్టింది. సంఘం కిస్తు ఆగొద్దని చిన్నమ్మ పత్తిల కలుపుకు పోయింది. మేం ఆర్టీసీ కార్గోల బియ్యం మూట, ఎండుమిరపకాయలు, ఒక డబ్బా మామిడికాయ తొక్కు కట్టి పంపినం. కిరాణ దుకాణం ఆమె ఉద్దెర రాసుకున్నది, ఒక్క మాట అనలే. వీళ్లందరు సమ్మెల ఉన్నట్టే గదా? ఒప్పందం కుదిరిన నాడు ఫోటోలల్ల శాలువాలు కప్పుకున్నోళ్లు వేరేటోళ్లు.

మీ వాడల, మీ చుట్టపోళ్లల్ల సినిమా పనికి, సీరియల్ పనికి పోయినోళ్లుంటే, బంద్ వార్త చూసిన నాడే ఒక ఫోన్ కొట్టుండ్రి. "ఎప్పుడు తీరుతదట?" అని అడగకుండ్రి, వానికి తెల్వదు, అడిగేకొద్ది సిగ్గుపడ్తడు. "కిరాయి ఏ తారీకు?" అని అడుగుండ్రి. భార్య ఫోన్ నంబర్ కూడ మీ తాన పెట్టుకోండ్రి, నిజం ఆమెనే చెప్తది. ఇంకో మాట, కొత్త రేషన్ కార్డులు ఇచ్చుడు మన తిరుమలగిరిల్నే మొదలైంది, 2025 జూలై 14న. పేరు కార్డుల ఎక్కిందో లేదో చూసుకొమ్మనుండ్రి. ఎక్కితే సన్నబియ్యం తీసుకునేటందుకు ఊరికి రానక్కర లేదు, పట్నంల దగ్గరున్న రేషన్ షాపులనే ఇస్తరు.

ఇప్పటి ఒప్పందం మూడేండ్లది. 2028ల మళ్ల బేరం ఉంటది. రెండు నెలల కిరాయి పైసలు ఇప్పటి సందే పక్కన పెట్టుమని మీ తమ్ములకు చెప్పుండ్రి.